ఒక్క పంటి తేడా

1911లో ఐల్ ఆఫ్ మ్యాన్ టూరిస్ట్ ట్రోఫీ పందెం దారి మార్చారు. అంతకుముందు నాలుగేళ్లు సెయింట్ జాన్స్ ఊరి దగ్గర చిన్న చుట్టులో నడిచిన పందెం, ఆ ఏడాది స్నేఫెల్ కొండ భుజం మీదుగా సాగే 60 కిలోమీటర్ల చుట్టుకు మారింది. ఫలితం బ్రిటిష్ కంపెనీలకు మింగుడుపడలేదు. సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ అమెరికాలో తయారైన ఇండియన్ మోటారు సైకిళ్లే ఎగరేసుకుపోయాయి. వాటిని నడిపినవాళ్లు ఆలివర్ గాడ్‌ఫ్రే, చార్లెస్ ఫ్రాంక్లిన్, ఆర్థర్ మూర్‌హౌస్. ఆ బళ్లకు రెండు గేర్ల పెట్టె ఉంది, చైను ఉంది. అప్పటికి బ్రిటన్‌లో చాలా బళ్లు ఇంజిను పుల్లీ నుంచి వెనక చక్రానికి నేరుగా వేసిన బెల్టు మీదే నడుస్తున్నాయి. చదును నేల మీద అది చాలు. కొండ ఎదురైతే చాలదు.

ఎందుకు చాలదో తెలియాలంటే పెట్రోలు ఇంజిను స్వభావం తెలియాలి. ఆవిరి ఇంజిను, కరెంటు మోటారు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో తోయగలవు. పెట్రోలు ఇంజిను అలా కాదు. అది ముందు తిరుగుతూ ఉండాలి, ఆ తరవాతే లాగుతుంది. నిమిషానికి ఐదారు వందల చుట్ల కంటే తగ్గితే వణికి ఆగిపోతుంది. మరీ ఎక్కువ తిప్పితే పిస్టనూ కనెక్టింగ్ రాడ్డూ తట్టుకోలేవు. ఈ రెండు హద్దుల మధ్య ఇంజిను తిరుగుతుంటే, చక్రం మాత్రం సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం దాకా అన్ని వేగాల్లోనూ తిరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేదే గేరు. గడ్డపారతో బండరాయిని పెకలించేటప్పుడు మన చెయ్యి మూరెడు కదిలితే రాయి బెత్తెడు కదులుతుంది. దూరం తగ్గినంత బలం పెరుగుతుంది. పళ్ల చక్రాలు చేసే పని కూడా ఇదే. చుట్లు తగ్గించి తోపు పెంచుతాయి. కొత్తగా శక్తిని మాత్రం పుట్టించవు. ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు.

బెల్టు బళ్ల కాలంలో కూడా బ్రిటిష్ ఇంజినీర్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. జెనిత్ కంపెనీ గ్రాడువా అనే ఏర్పాటు తెచ్చింది. ట్యాంకు దగ్గరున్న పిడిని గుండ్రంగా తిప్పితే ఇంజిను పుల్లీ చెంపలు దగ్గరవుతాయి, లేదా దూరమవుతాయి. చెంపలు దగ్గరైతే బెల్టు పైకెక్కి పెద్ద చుట్టు తిరుగుతుంది, దూరమైతే లోపలికి దిగి చిన్న చుట్టు తిరుగుతుంది. అలా దిగితే బెల్టు వదులైపోతుంది కదా! అందుకని అదే పిడి వెనక చక్రాన్ని కూడా ముందుకో వెనక్కో జరుపుతుంది. కొండ పందేల్లో జెనిత్ బళ్లు ఎంతగా గెలిచాయంటే, కొన్ని క్లబ్బులు వాటిని తమ పోటీల్లోకి రానివ్వలేదు. ఆ నిషేధాన్నే కంపెనీ తన వ్యాపార చిహ్నంలో పెట్టుకుని ప్రచారం చేసుకుంది. రడ్జ్ మల్టీ ఇంకో అడుగు ముందుకు వేసింది. ముందు పుల్లీ వెడల్పయినంత మేర వెనక రిమ్ము ఇరుకయ్యేలా రెంటినీ ఒకే లివరుకు కట్టింది. చక్రం జరపాల్సిన పనే లేదు. 1914 సీనియర్ పందెంలో సిరిల్ పులిన్ ఈ రడ్జ్ మీదే గెలిచాడు. ఇవాళ మన స్కూటీల్లో గేర్లు మార్చే పని లేకుండా చేస్తున్న పుల్లీల ఏర్పాటుకు మూలసూత్రం ఇదే.

బెల్టుకున్న శత్రువు వాన. తడిస్తే జారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బురదలో ఉత్తరాలు మోసిన సైనికులకు జారే బెల్టు ప్రాణాపాయం. 1915లో వచ్చిన ట్రయంఫ్ మోడల్ హెచ్ 550 సి.సి. బండికి స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల పెట్టె బిగించారు. ఇంజిను నుంచి గేర్‌బాక్సు దాకా చైను పెట్టి, అక్కడి నుంచి వెనక చక్రానికి మాత్రం బెల్టునే ఉంచారు. యుద్ధంలో మిత్రపక్షాల సైన్యాలకు ఇవి 30,000 దాకా వెళ్లాయి. 1920లు గడిచేసరికి ఆ మిగిలిన బెల్టు కూడా పోయి, రెండు చైన్ల పద్ధతి స్థిరపడింది. ఇంజిను నుంచి క్లచ్చుకు ఒక చైను, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రానికి ఇంకొక చైను. ఆ తరవాతి దశాబ్దాల బ్రిటిష్ బండి ఇదే.

ఆ బండి మనకు పరాయిది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, 1955లో మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపి తిరువొత్తియూరులో బుల్లెట్లు కట్టడం మొదలుపెట్టింది. రెడ్డిచ్ కర్మాగారం మూతపడ్డాక కూడా ఆ 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఇంజిను, ఆ ఆల్బియన్ నాలుగు గేర్ల పెట్టె ఇక్కడ దశాబ్దాల తరబడి తయారవుతూనే వచ్చాయి. కాబట్టి పాత బ్రిటిష్ గేరింగు లెక్క నేర్చుకోవడానికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. మన ఊరి మెకానిక్ షెడ్డు ముందు స్టాండు వేసి ఉన్న పాత బుల్లెట్ చాలు.

లెక్క చూద్దాం. పాత 350 బుల్లెట్‌లో సాధారణంగా కనిపించే పళ్ల సంఖ్యలు ఇవి: ఇంజిను స్ప్రాకెట్‌కు 25, క్లచ్చుకు 56, గేర్‌బాక్సు స్ప్రాకెట్‌కు 16, వెనక చక్రానికి 38. బండి ఎన్నో చేతులు మారి ఉంటుంది కాబట్టి మీ బండి పళ్లు మీరే లెక్కపెట్టుకోవాలి. 56ను 25తో భాగిస్తే 2.24. 38ను 16తో భాగిస్తే 2.375. ఈ రెంటినీ గుణిస్తే 5.32. నాలుగో గేరులో గేర్‌బాక్సు ఏమీ మార్చదు, ఒకటికి ఒకటే. అంటే ఇంజిను 5.32 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. మూడో గేరులో దీన్ని 1.36తోనూ, రెండో గేరులో 1.84తోనూ, మొదటి గేరులో 2.78తోనూ హెచ్చించుకోవాలి. మొదటి గేరులో చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిను దాదాపు 15 చుట్లు తిరుగుతుంది.

19 అంగుళాల వెనక చక్రం ఒక చుట్టుకు సుమారు 2.05 మీటర్లు దొర్లుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 650 చుట్లు, ఇంజిను 3,460 చుట్లు తిరుగుతాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజిను రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఆ లెక్కన ఒక్కో పేలుడుకూ బండి ముప్పావు మీటరు ముందుకు పోతోంది. రోడ్డు పక్కన నిలబడి విన్నవాళ్లకు వినిపించే ఆ దుడుదుడు చప్పుడులో, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య బండి కదిలిన దూరం అదే.

ఇప్పుడు 16 పళ్ల స్ప్రాకెట్ తీసి 18 పళ్లది వేశామనుకోండి. మొత్తం నిష్పత్తి 5.32 నుంచి 4.73కు దిగుతుంది. అదే 80 కిలోమీటర్ల వేగానికి ఇంజిను 3,075 చుట్లు తిరిగితే సరిపోతుంది. దాదాపు 400 చుట్లు తగ్గాయి. హ్యాండిలు అదురు తగ్గుతుంది, చప్పుడు నెమ్మదిస్తుంది, పిస్టను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. హైవే మీద నడిపేవాళ్లు ఈ మార్పుకు ఎందుకు ఆశపడతారో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది. కానీ వెనక చక్రం దగ్గర తోపు కూడా సరిగ్గా అదే పాళ్లలో తగ్గింది. నూటికి 11 వంతులు.

ఆ 11 వంతులు ఎక్కడ అవసరపడతాయో అరకు ఘాట్ లాంటి దారి మీద తెలుస్తుంది. బండి, నడిపే మనిషి, వెనక కూర్చున్న మనిషి, సామాను కలిపి 320 కిలోలనుకుందాం. వంద మీటర్లకు 7 మీటర్లు ఎక్కే దారి. గంటకు 60 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలి. కొండ ఒక్కటే 320లో నూటికి ఏడు వంతులు, అంటే 22 కిలోల బలంతో బండిని వెనక్కి లాగుతుంది. గాలి ఇంకో 10 కిలోలు లాగుతుంది. టైర్ల రాపిడి 5 కిలోలు. మొత్తం 37. ఇంజిను టార్క్ మధ్య వేగాల్లో సుమారు 25 న్యూటన్ మీటర్లనీ, చైన్లలోనూ గేర్లలోనూ పదో వంతు పోతుందనీ తీసుకుంటే, 16 పళ్ల స్ప్రాకెట్‌తో నాలుగో గేరులో చక్రం దగ్గర 37 కిలోల తోపు వస్తుంది. అచ్చంగా సరిపోయింది. 17 పళ్లతో 35 కిలోలు, 18 పళ్లతో 33 కిలోలు వస్తుంది. ఈ రెంటితోనూ బండి మెల్లగా వేగం పోగొట్టుకుంటుంది, మూడో గేరుకు దిగక తప్పదు. మూడులో 18 పళ్లతో కూడా 45 కిలోలు వస్తుంది కాబట్టి కొండ ఎక్కడం ఆగదు. కానీ నాలుగులో ఎక్కేసిన దారి ఇప్పుడు మూడులో, ఎక్కువ చుట్లతో, ఎక్కువ వేడితో ఎక్కాలి. చదునులో మిగుల్చుకున్న నెమ్మది ఘాట్‌లో ఖర్చయిపోతుంది.

అదే బండి, అదే బరువు, చదును రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంలో ఉంటే కావలసింది 23 కిలోల తోపు మాత్రమే. 33 ఉన్న చోట 23 అవసరం. అక్కడ 18 పళ్లు హాయిగా నడుస్తాయి. గేరింగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు బండిని మాత్రమే చూసి జవాబు చెప్పలేం. ఏ దారి, ఎంత బరువు అని అడగాలి. బ్రిటన్‌లో ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. అక్కడ సామాన్య కుటుంబాలకు కారు కొనే స్తోమత లేని రోజుల్లో సైడ్‌కారే కుటుంబ వాహనం. అందుకే ఒకే మోడలుకు ఒంటరిగా నడపడానికి ఒక స్ప్రాకెట్, సైడ్‌కారు లాగడానికి అంతకంటే చిన్నది ఇంకొకటి ఇచ్చేవారు. ఆటోమొబైల్ అసోసియేషన్ గస్తీవాళ్లు పనిముట్లు నింపిన సైడ్‌కార్లు తగిలించుకుని తిరిగిన బీఎస్ఏ ఎం21 బళ్లు 591 సి.సి. సైడ్ వాల్వు ఇంజినుతో ఏళ్ల తరబడి ఆ బరువు లాగాయి. ఆ ఇంజినుకు వేగం తక్కువ. సరైన గేరింగు వల్ల ఆ లోటు ఎవరికీ కనపడలేదు.

ఇంకో అపోహ కూడా తీర్చాలి. పెద్ద స్ప్రాకెట్ వేస్తే బండి గరిష్ఠ వేగం పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. పెరగకపోగా తగ్గవచ్చు. పాత 350 బుల్లెట్ తన 18 హార్స్‌పవర్‌నూ 5,625 చుట్ల దగ్గర ఇస్తుంది. 110 కిలోమీటర్ల వేగంలో 16 పళ్లతో ఇంజిను 4,760 చుట్ల దగ్గర ఉంటుంది. అప్పటికే శిఖరానికి కిందే ఉంది. 18 పళ్లతో 4,230కి జారుతుంది, శిఖరానికి ఇంకా దూరమవుతుంది. ఎదురుగాలి ఉన్న రోజున ఆ బండి ముందటి వేగం కూడా అందుకోలేదు.

ఇక పని దగ్గరికి వద్దాం. బుల్లెట్‌లో వెనక స్ప్రాకెట్, బ్రేకు డ్రమ్ము కలిపి ఒకే ముక్కగా ఉంటాయి. దాన్ని మార్చడం అంటే డ్రమ్మే మార్చడం. ముందువైపు చైను డూప్లెక్సు, దాని రెండు కొసల మధ్య దూరం మారదు, ఎందుకంటే గేర్‌బాక్సు ఇంజినుకే బోల్టులతో బిగించి ఉంటుంది. అందుకని అక్కడ పళ్లు మార్చడం కూడా అంత తేలిక కాదు. మిగిలింది గేర్‌బాక్సు స్ప్రాకెట్. అది క్లచ్చు వెనక దాగి ఉంటుంది. దాన్ని చేరాలంటే ఎడమ వైపు చైన్‌కేసు నూనె దించి, మూత తీసి, క్లచ్చు ప్లేట్లు, స్ప్రింగులు వరసగా తీసి పెట్టుకుని, ఇంజిను స్ప్రాకెట్‌నూ క్లచ్చునూ చైనుతో సహా ఒకేసారి బయటికి లాగి, లోపలి కేసు విప్పాలి. అప్పుడు కనపడుతుంది స్ప్రాకెట్, మడిచిన లాక్ వాషరు కింద పెద్ద నట్టుతో. కొన్ని బ్రిటిష్ బళ్లలో ఈ నట్టుకు ఎడమ మర ఉంటుంది. మాన్యువల్ చూడకుండా పెద్ద పైపు తగిలించి తిప్పితే మరలు ఊడిపోతాయి. రెడ్డిచ్ కాలపు నట్లు మిల్లీమీటరు స్పానర్లకు లొంగవు. వాటికి విట్‌వర్త్ స్పానర్లే కావాలి. వాటి మీద రాసి ఉండే అంకె నట్టు వెడల్పుది కాదు, బోల్టు కాడ మందానిది. కొలతలు చూసి అయోమయపడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

రెండు పళ్లు పెరిగితే చైనులో ఒక లింకు మేర అదనంగా స్ప్రాకెట్‌కు చుట్టుకుంటుంది. వెనక చక్రం సుమారు 8 మిల్లీమీటర్లు ముందుకు జరగాల్సి వస్తుంది. ఇరుసు రెండు కొసల్లో నత్తగుల్ల ఆకారంలో ఉండే అడ్జస్టర్లకు గాట్లుంటాయి. రెండు వైపులా ఒకే గాటులో ఉండేలా చూడాలి, లేకపోతే చక్రం వంకరగా నిలబడుతుంది. చైను బిగువు చూసేటప్పుడు చక్రాన్ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు పట్టుకోవాలి. వాడిన చైను అంతటా ఒకేలా సాగదు. వదులుగా ఉన్న చోట సర్దితే బిగువైన చోట అది బేరింగును నమిలేస్తుంది. ఆ బిగువైన చోట కూడా సుమారు 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి.

నార్టన్, బీఎస్ఏ లాంటి బళ్లలో గేర్‌బాక్సు ప్లేట్ల మధ్య జారే ఏర్పాటుంటుంది. ముందు చైను బిగించడానికి గేర్‌బాక్సునే వెనక్కి జరుపుతారు. అలా జరిపితే వెనక చైను వదులవుతుంది. కాబట్టి ముందు చైను మొదట, వెనక చైను తరవాత, చక్రం జరిగినందువల్ల మారిన బ్రేకు రాడ్డు చివరన. ఈ వరస తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది. స్పీడోమీటర్ కేబులు గేర్‌బాక్సు నుంచి వచ్చే బళ్లలో స్ప్రాకెట్ మారితే వేగం అంకె కూడా తప్పు చూపిస్తుంది. చక్రం నుంచి వచ్చే బళ్లకు ఆ బాధ లేదు.

పళ్ల సంఖ్య గురించి ఇంకో చక్కని సంగతి ఉంది. చైను స్ప్రాకెట్ మీద నిజంగా గుండ్రంగా చుట్టుకోదు, పన్నుకో మూల ఉన్న బహుభుజిలా చుట్టుకుంటుంది. అందువల్ల స్ప్రాకెట్ ఎంత నిలకడగా తిరిగినా చైను వేగం పంటి పంటికీ కొద్దిగా పెరిగి తగ్గుతుంది. 16 పళ్లతో ఈ హెచ్చుతగ్గు నూటికి 1.9, 18 పళ్లతో 1.5. పళ్లు పెరిగేకొద్దీ నడక నునుపవుతుంది, చైను ఎక్కువ కాలం మన్నుతుంది. అంతేకాదు, చైను లింకులు మామూలుగా సరి సంఖ్యలోనే ఉంటాయి. స్ప్రాకెట్‌కు బేసి సంఖ్యలో పళ్లుంటే ఒకే లింకు ఎప్పుడూ అవే పళ్ల మీద పడదు, అరుగుదల అంతటా సమంగా పంచుకుంటుంది. 17 పళ్ల స్ప్రాకెట్ మీద నాకు కొంత మొగ్గుంది, దానికి ఇదీ ఒక కారణం.

గేరింగు ఎంత బాగా సర్దినా నడిపే తీరు తెలియకపోతే ఫలం దక్కదు. పాత బ్రిటిష్ బళ్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. 1970ల మధ్యలో అమెరికా నిబంధన వచ్చి గేరును ఎడమకు మార్పించే దాకా అంతే. బుల్లెట్‌లో, నార్టన్‌లో మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ట్రయంఫ్‌లో దీనికి తిరగబడి ఉంటుంది. ఒక్క నొక్కుకు ఒక్క గేరే పడే కాలి మీట కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. వెలోసెట్ కంపెనీలో హెరాల్డ్ విల్లిస్ దాన్ని 1928లో పందెం బండికి అమర్చాడు. అంతకుముందు చేత్తో ట్యాంకు పక్కనున్న లివరు లాగాల్సిందే.

ఈ పెట్టెల్లో పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి పెనవేసుకునే ఉంటాయి. గేరు మార్చినప్పుడు కలిసేవి వాటి పక్కలనున్న బొడిపెలు. రెండు వైపుల బొడిపెలూ ఒకే వేగంతో తిరుగుతుంటే చప్పుడు లేకుండా కలుస్తాయి. బుల్లెట్ లాంటి ఇంజినుకు బరువైన ఫ్లైవీలు ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినా దాని వేగం వెంటనే పడదు. అందుకే పై గేరుకు మారేటప్పుడు ఒక్క క్షణం ఆగాలి. క్లచ్చు పట్టి, గేరును ఒత్తీ ఒత్తనట్టు పట్టుకుని, ఇంజిను స్వరం దిగాక నొక్కితే గేరు మెత్తగా పడుతుంది. కింది గేరుకు వచ్చేటప్పుడు దీనికి విరుద్ధం, కొంచెం రేజ్ ఇచ్చి పడేయాలి. ఆల్బియన్ పెట్టెకు మడమ దగ్గర న్యూట్రల్ ఫైండర్ అనే చిన్న మీట ఉంటుంది. మొదటి గేరు తప్ప ఏ గేరులో ఉన్నా ఒక్క తన్నుతో న్యూట్రల్‌కు తెస్తుంది. సిగ్నల్ దగ్గర దాని విలువ తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంజినును ఈడ్పించకపోవడం. పెద్ద స్ప్రాకెట్ వేసుకుని, నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ప్రతి పేలుడు దెబ్బా నెమ్మదిగా తిరుగుతున్న క్రాంకు మీద సుత్తిలా పడుతుంది. ఆ వేగంలో బేరింగుల్లో నూనె పొర పలచగా ఉంటుంది, ఇంజిను నాక్ అవుతుంది, చైను కుదుపులు తింటుంది. నార్టన్ 16హెచ్ లాంటి బళ్ల హ్యాండిలు మీద స్పార్కు ముందు వెనకలు చేసే చిన్న లివరు ఉండేది. కొండ మీద చుట్లు తగ్గగానే స్పార్కును కాస్త వెనక్కి జరిపేవారు. ఆ లివరు లేని మన బళ్లకు మిగిలిన మందు ఒక్కటే, వేళకు కింది గేరు వేయడం.

350 బుల్లెట్ మీద ఎక్కువగా ఒంటరిగా, చదును దారుల్లో తిరిగేవాళ్లు 17 పళ్ల స్ప్రాకెట్ వేసుకోవచ్చు. వెనక మనిషితో, సామానుతో తరచూ ఘాట్ ఎక్కేవాళ్లు కంపెనీ ఇచ్చిన 16ను కదిలించకండి. 18 పళ్ల స్ప్రాకెట్‌ను 499 సి.సి. బుల్లెట్‌కు వదిలేయండి.